ఇద్దరికి సరిపడే కొలత

ఇంటి నుంచి
ఆగస్టు 4, ఆదివారం

అమ్మాయీ,

సాయంత్రం ఫోన్ నీ కూతురు జడ్జిగారి హక్కు. ఆవిడ నీతో మాట్లాడినంతసేపూ నేను పక్కన నిలబడి "బాగున్నాం, బాగున్నాం" అని తల ఊపడం తప్ప చేసేదేమీ లేదు. రెండు గదుల ఇంట్లో గుట్టుగా మాట్లాడుకోవడానికి చోటెక్కడ? నీ కూతురికి ఆరేళ్ళే గానీ చెవులు మాత్రం పాము చెవులు. అందుకని నేను చెప్పుకోవాల్సింది కాగితం మీద చెప్పుకుంటున్నాను.

సంగతేమిటంటే, క్యారియర్ భోజనం మీద జడ్జిగారు స్టే ఇచ్చేశారు. మెస్సువాడు పంపే అన్నం తడిగుడ్డ వాసన వేస్తోందట. నేనూ వాసన చూశాను. తీర్పులో తప్పేమీ లేదు. వారం రోజులుగా పాలూ రొట్టే. బడికి పంపిన డబ్బా మూత తియ్యకుండానే తిరిగొస్తోంది. బతిమాలాను, బెదిరించాను, కథలు చెప్పాను, చివరికి చేతులెత్తేశాను.

ముప్ఫై ఒక్క ఏళ్ళు హాస్టల్ స్టోరులో కూర్చుని బియ్యం, పప్పులు, నూనె తూచి వంటింటికి పంపినవాణ్ణి. నాకు తూకం తెలుసు, వంట తెలియదు. స్టోరు కిటికీ అవతల ఏం జరుగుతోందో ఒక్కరోజూ తొంగి చూసిన పాపాన పోలేదు. ఇంట్లో మీ అత్తయ్య ఉన్నన్నాళ్ళూ ఆవిడ వండింది, ఆవిడ పోయాక నువ్వు వండావు. ఇప్పుడేమో నువ్వు ఆ కొత్త ఫ్యాక్టరీలో అమ్మాయిలకి చేతి తొడుగులు కుట్టడం నేర్పడానికి వెళ్ళి ఐదు నెలలైంది. ఏడాది అన్నారు కదా, ఇంకా ఏడు నెలలు ఈ పిల్లని పాలూ రొట్టే మీద ఈదించడం నా వల్ల కాదు.

ఒక్కటంటే ఒక్క వంటకం రాసి పంపు. ఒకే గిన్నెలో అయిపోవాలి. స్టవ్ ముందు నిలబడే పని తక్కువుండాలి. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి, అయినా సరే.

మామయ్య


క్వార్టర్స్, గది నంబరు పదకొండు
ఆగస్టు 9

మామయ్యగారికి,

నమస్కారం. మీ ఉత్తరం షిఫ్టు మధ్యలో అందింది. మొదట నవ్వాను. తర్వాత చేతులు కడుక్కునే చోటుకి వెళ్ళి, కుళాయి తిప్పి కాసేపు ఏడ్చాను. అది పాలూ రొట్టే తింటోందని నాకు ఫోన్లో ఒక్క ముక్క చెప్పలేదు. "ఏం తిన్నావురా?" అంటే "అన్నీ తిన్నానమ్మా" అంటోంది. ఈ దాపరికం ఎవరి దగ్గర నేర్చుకుందో!

ఇక్కడ నా దగ్గర ముప్ఫై నాలుగు మంది అమ్మాయిలు. నాలుగు వేళ్ళూ చకచకా కుట్టేస్తారు. బొటనవేలు మలుపు దగ్గరకొచ్చేసరికి సూది ఆగిపోతుంది. అక్కడ తోలుని లాగకూడదు, అలాగని వదిలేయకూడదు. ఈ మాట రోజుకి వందసార్లు చెబుతున్నాను. గదికి చేరేసరికి నా గొంతు నాకే వినబుద్ధి కావడం లేదు.

వంటకం రాస్తున్నాను. మా క్యాంటీన్ వంటాయన చెప్పారు. ఒకప్పుడు ఓడల మీద పనిచేసి, మధ్యధరా సముద్రం ఒడ్డు ఊళ్ళల్లో నేర్చుకున్నారట. బియ్యం, శనగలు, అంతే. గుప్పెడున్నర తెల్ల శనగలు ముందురోజే నానబెట్టండి. పొద్దున కుక్కర్లో మెత్తగా ఉడికించండి, వేలితో నొక్కితే నలగాలి. మందపాటి గిన్నెలో మూడు చెంచాల ఆలివ్ నూనె వేసి, ఒక పెద్ద ఉల్లిపాయ సన్నగా తరిగి, చిన్న మంట మీద బాగా ఎర్రబడేదాకా వేయించండి. ఇక్కడే అందరూ తొందరపడి పాడుచేస్తారట. పావుగంట పడుతుంది, కుర్చీ వేసుకుని కూర్చోండి. తర్వాత రెండు వెల్లుల్లి రెబ్బలు, అర చెంచా జీలకర్ర, చిన్న దాల్చినచెక్క ముక్క. కడిగిన బియ్యం ఒక గ్లాసు వేసి రెండు నిమిషాలు కలపండి. శనగలు, ఉప్పు, గ్లాసుముప్పావు నీళ్ళు. ఒక పొంగు రాగానే మంట తగ్గించి, మూతకి పొడిగుడ్డ చుట్టి గట్టిగా పెట్టేయండి. ఇంక కలపకూడదు. పావుగంటయ్యాక స్టవ్ ఆపి, మరో పది నిమిషాలు మూత తియ్యకుండా వదిలేయండి. చివర్లో అర నిమ్మకాయ పిండి, కొత్తిమీర చల్లండి. అక్కడివాళ్ళు వేసే ఆకు వేరట, మనకి కొత్తిమీరే గతి.

మంట దగ్గర జాగ్రత్త. పాపని వంటింట్లోకి రానివ్వకండి.

మీ కోడలు


ఇంటి నుంచి
ఆగస్టు 18, ఆదివారం

అమ్మాయీ,

నీ వంటకం వండాను. దాని ఘనత విను.

ఆలివ్ నూనె కోసం నాలుగు కొట్లు తిరిగాను. మూడు చోట్ల లేదన్నారు. నాలుగోది మందుల కొట్టు. అక్కడ చిన్న సీసాలో ఉంది. గెలిచానని తెచ్చాను. శనగలు నానబెట్టాను, ఉడికించాను, ఉల్లిపాయ ముందు కుర్చీ వేసుకుని మరీ కాపలా కాశాను. ఇల్లంతా ఏదో పరిమళం. ఇదే కాబోలు సముద్రం అవతలి వాసన అనుకున్నాను.

జడ్జిగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం ఆపి, నన్ను చూసి, "తాతా, దీనికి స్నానం చేయించావా?" అన్నారు.

సీసా ఆవిడ చేతే చదివించాను. వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు. ఒంటికి రాయడానికి మాత్రమే. చంటిపిల్లల మర్దనకి శ్రేష్ఠం. గులాబీ సువాసనతో.

మొత్తం పారబోశాను. ఒక్క ముద్దే కాబట్టి పిల్ల కడుపుకేమీ కాలేదు, కంగారుపడకు. నేను మూడు ముద్దలు తిన్నాను. నా కడుపు కూడా మెత్తగా ఉంది.

ఆ రాత్రికి మళ్ళీ పాలూ రొట్టే. అయితే ఒకటి, చాలా రోజుల తర్వాత ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

మామయ్య


గది నంబరు పదకొండు
ఆగస్టు 23

మామయ్యగారికి,

నాకు నవ్వు రాలేదు. సీసా మీద పాప చదివిన అక్షరాలు మీకెందుకు కనబడలేదు? కళ్ళజోడు పెట్టుకోలేదా, పెట్టుకున్నా కనబడలేదా? పోయినసారి వచ్చినప్పుడు కూడా మీరు గడియారం దగ్గరికి వెళ్ళి టైము చూశారు. అప్పుడే అడుగుదామనుకుని ఊరుకున్నాను. ఒకసారి కళ్ళ డాక్టరుకి చూపించుకోండి. ఇది బతిమాలి రాస్తున్నాను.

ఈ ఉత్తరంతోపాటు పార్సిల్లో అసలు నూనె పంపుతున్నాను. తినేది. సంగతి చెబితే వంటాయన కూడా నవ్వలేదు, పాపకి వాంతులేమైనా అయ్యాయా అని రెండుసార్లు అడిగారు. మొన్న ఆదివారం చేసినప్పుడు గమనించి చూశాను. మూత గుడ్డ చాలా ముఖ్యం మామయ్యగారూ. ఆవిరి గుడ్డకి పట్టుకుంటుంది, నీళ్ళు మళ్ళీ అన్నంలో పడవు. అందుకే పొడిపొడిగా వస్తుంది.

సెప్టెంబరులో నాకు రావాల్సిన రెండు రోజుల సెలవు పోయింది. పెద్ద ఆర్డరు వచ్చింది. పాపకి నేనే చెబుతాను, మీరు చెప్పకండి.

ఇంకో మాట. నన్ను ఇక్కడే ఉండిపొమ్మంటున్నారు, కుట్టు విభాగం మొత్తానికి పెద్దగా. అక్టోబరు నెలాఖరుకల్లా ఏదో ఒకటి రాసివ్వాలట. నేను వద్దనే చెప్పబోతున్నాను. పాప బడి అక్కడ, మీరు అక్కడ. ఊరికే మీ చెవిన వేశాను.

మీ కోడలు


ఇంటి నుంచి
సెప్టెంబరు 22, ఆదివారం

అమ్మాయీ,

ఆలస్యానికి కారణం బద్ధకం. వేరే ఏమీ లేదు.

నూనె అందింది. వంటకం కుదిరింది. ఇప్పటికి ఐదుసార్లు వండాను. మొదటిసారి మెతుకు మెతుకూ విడిగా రాలిపడుతుంటే, మూత పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను తూచి పంపిన సరుకు ఇలా అవుతుందా అని! జడ్జిగారు రెండుసార్లు పెట్టించుకుని తిన్నారు. బడి డబ్బా ఖాళీగా తిరిగొస్తోంది. ఒక్కటే అభ్యంతరం: "శనగలకి కోటు ఎందుకు?" అట. పొట్టు గొంతులో పట్టుకుంటోందట. సరే, ఒక్కొక్కదాని కోటూ విప్పుతున్నాను. ఏంచేస్తాం, కోర్టు ఉత్తర్వు.

నువ్వు రాసిన కొలతకి మా ఇద్దరికీ సగం మిగిలిపోతోంది. అది మర్నాడు నేను తింటున్నాను. మొన్నొకసారి మటుకు గిన్నె అడుగంటి మాడింది. ఎవరో తలుపు కొడితే మాట్లాడుతూ ఉండిపోయాను. గిన్నె తోమలేక తల ప్రాణం తోకకొచ్చింది.

కళ్ళు బాగున్నాయి. డాక్టరు దగ్గరికి తీరిక దొరికినప్పుడు వెళ్తాను.

ఉద్యోగం సంగతి నీ ఇష్టం. ఉండమని నేను చెప్పను, వద్దని నేను చెప్పను.

మామయ్య


గది నంబరు పదకొండు
సెప్టెంబరు 28

మామయ్యగారికి,

నిన్న ఫోన్లో పాప ఒక మాట చెప్పింది. మీరు స్నానాల గదిలో ఉన్నారట అప్పుడు. "అమ్మా, నాకు స్టవ్ ఆపడం వచ్చు తెలుసా" అంది. ఎవరు నేర్పారు అన్నాను. "ఎవరూ నేర్పలేదు. తాత కుర్చీలో నిద్రపోయాడు, పొగ వచ్చింది, లేపితే లేవలేదు, స్టూలెక్కి నేనే తిప్పేశా" అంది. గొప్పలు పోతూ చెప్పింది, బడిలో బహుమతి వచ్చినట్టు.

తలుపు ఎవరూ కొట్టలేదన్నమాట.

పొద్దున ఒక అమ్మాయి తొడుగు కుట్టి చూపిస్తే, మూడు సార్లు చూసి కూడా తప్పు పట్టుకోలేకపోయాను. లేపితే లేవకపోవడం ఏమిటి మామయ్యగారూ? ఎంతసేపు? ఇదొక్కసారేనా? పిల్ల గౌను కుచ్చులు మంటకి తగిలుంటే? మీకేమైనా అయ్యుంటే ఆ ఇంట్లో ఆరేళ్ళ పిల్ల ఒక్కతే ఏం చేసేది?

నాకెందుకు రాయలేదు? నేనేం పరాయిదాన్నా? ఒంట్లో బాగుండకపోతే బాగాలేదని చెప్పడానికి ఇన్ని ఉత్తరాల్లో ఒక్క గీత ఖాళీ లేదా మీకు?

నాకు కోపంగా ఉంది. మీ మీద కాదు, నా మీద. అసలు నేను రాకుండా ఉండాల్సింది. సోమవారం ఆఫీసుకి వెళ్ళి ఉద్యోగం వద్దని రాసిచ్చి, ఉన్న ఒప్పందం కూడా రద్దు చేసుకుని వచ్చేస్తాను. అప్పటిదాకా స్టవ్ వెలిగించకండి. మెస్సుకి చెప్పండి. తడిగుడ్డ వాసనైనా సరే.

మీ కోడలు


ఇంటి నుంచి
అక్టోబరు 2

అమ్మాయీ,

రాజీనామా రాయకు. రాసుంటే వెనక్కి తీసుకో. ఈ ఉత్తరం త్వరగా అందాలని సెలవైనా పోస్టాఫీసు దాకా స్వయంగా వెళ్ళి డబ్బాలో వేస్తున్నాను.

నిజమే, నిద్రపోయాను. ఇరవై నిమిషాలు కావచ్చు. పొద్దున ఐదింటికి లేచి, పిల్లని తయారుచేసి, మూడంతస్తులు దిగి, బడిలో దింపి, కూరగాయలు తెచ్చి, మళ్ళీ ఎక్కి, మధ్యాహ్నం మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కి, ఆవిడతో లెక్కలు చేయించి, బట్టలు ఉతికి. వారంలో ఆరు రోజులు గడుస్తాయి. ఏడో రోజు ఒళ్ళు మాట వినదు. డాక్టరుకి చూపించుకున్నాను. కుడికంట్లో శుక్లం. గుండె బాగుంది. "మీకు జబ్బు లేదండీ, విశ్రాంతి లేదు" అన్నాడు. నీకు చెబితే పిల్లని తీసుకుపోతావనో, నువ్వే ఉద్యోగం వదిలేసి వస్తావనో దాచాను. రెండూ నాకు ఇష్టం లేదు. తప్పు చేశాను. పిల్ల ముందు స్టూలూ, స్టవ్వూ, ఆ పొగా తలుచుకుంటే అన్నం దిగడం లేదు.

ఇప్పుడు నువ్వు విను. దాచడంలో మనిద్దరిదీ ఒకటే బడి.

ఫ్యాక్టరీలో మూడు షిఫ్టుల జనానికి వండేవాడు గ్లాసుల్లో, గుప్పెళ్ళలో మాట్లాడడమ్మా. కిలోల్లో మాట్లాడతాడు. వాణ్ణి నిలబెట్టి ఇంటికెంత అని అడిగితే, బుర్ర గోక్కుని అరకిలో అంటాడు. అలాంటివాళ్ళకి ముప్ఫై ఒక్క ఏళ్ళు సరుకు ఇచ్చాను, నాకు తెలియదా? నువ్వు మా కోసం తగ్గించి రాశావనుకుందామన్నా, గ్లాసు బియ్యం ఒక ముసలాడూ ఒక చిన్నపిల్లా తినే కొలత కాదు. సగం మిగిలింది కదా. ఇద్దరు పెద్దవాళ్ళు, పనిచేసి అలిసిపోయినవాళ్ళు, ఎదురెదురుగా కూర్చుని కడుపునిండా తినే కొలత అది. అర నిమ్మకాయ అన్నావు. క్యాంటీన్‌లో అర నిమ్మకాయలుండవు. మిగతా సగాన్ని రేపటికి దాచుకునే ఇంట్లో ఉంటాయి. పైగా ఆదివారం వండాడన్నావు. ఆదివారం క్యాంటీన్‌కి సెలవని వెళ్ళిన కొత్తలో నువ్వే చెప్పావు.

మొదటి ఉత్తరం చదివిన రోజే నాకు అర్థమైంది. అయినా నానబెట్టాను, వండాను, పిల్లకి పెట్టాను, నేనూ తిన్నాను. అడగలేదు. అడిగితే చెబుతావేమోనని భయం.

ఇప్పుడు అడుగుతున్నాను. ఆ రెండో మనిషి ఎవరు?

మామయ్య


గది నంబరు పదకొండు
అక్టోబరు 8

మామయ్యగారికి,

మీ ఉత్తరం నాలుగు రోజులు దిండు కింద పెట్టుకున్నాను. పక్క మంచం అమ్మాయి ఏమైందని అడిగితే జ్వరమన్నాను. చూశారా, ఇంకో అబద్ధం.

ఆయన మా కుట్టు మిషన్ల మెకానిక్. నలభై మూడేళ్ళు. ఓడల్లో ఇంజను దగ్గర పనిచేస్తూ పదిహేనేళ్ళు తిరిగి, పెళ్ళి మాట మర్చిపోయారట. వాళ్ళ ఓడ మరమ్మతు కోసం మధ్యధరా రేవులో నాలుగు నెలలు ఆగిపోయినప్పుడు, ఒక ఇంటావిడ దగ్గర ఈ వంటకం నేర్చుకున్నారు. వంటాయన అని మీకు ఎందుకు రాశానో నాకే తెలియదు. మెకానిక్ అని రాయబోయాను, కలం ఆగిపోయింది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం క్యాంటీన్ మూసి ఉంటే, నేను వర్క్‌షాపు వెనక వరండాలో బిస్కెట్లు తింటున్నాను. ఆయన అక్కడే ఒంటి స్టవ్ మీద వండుకుంటున్నారు. ఏమీ అడగలేదు, రెండో కంచం తెచ్చి పెట్టారు. ఆయన నెమ్మది మనిషి. తినేటప్పుడు ఎక్కువ మాట్లాడరు. రోజంతా అరిచి అరిచి వచ్చే నాకు ఆ మౌనం ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. అప్పటినుంచి ఆదివారాలు అలా గడిచాయి. అంతకుమించి ఏమీ లేదు మామయ్యగారూ. నా మీద ఒట్టు.

జూలైలో పెళ్ళి చేసుకుందామా అని అడిగారు. పాప గురించి, మీ గురించి అన్నీ తెలిసే అడిగారు. నేను జవాబు చెప్పలేదు. మళ్ళీ ఆయన అడగలేదు. ఆదివారం కంచం మటుకు పెడుతున్నారు.

ఆయన నాకు ఇష్టమే. ఈ మాట మీకు రాయడానికి ఎంత కష్టమైందో, రాశాక అంత తేలికగా ఉంది. కానీ ఒకటి తలుచుకుంటే ముందుకు అడుగు పడటం లేదు. మా అమ్మానాన్న పోయాక నాకు పుట్టిల్లు మీ ఇల్లే, అత్తిల్లు మీ ఇల్లే. మీ అబ్బాయి పోయిన రోజు అందరూ నన్ను పట్టుకుని ఏడ్చారు. మీరొక్కరే పాపకి పాలు కలిపి తెచ్చారు. ఆ తర్వాత ఐదేళ్ళూ మీ ఇంట్లో నేను దిక్కులేనిదాన్నని ఒక్క రోజూ అనిపించలేదు.

ఆయనకి సరే అంటే, మీకు నేను ఏమవుతాను? దానికి జవాబు దొరక్కే వద్దని రాసిద్దామనుకున్నాను. మీరు వద్దంటే ఇప్పుడూ అదే చేస్తాను. మనసులో ఏమీ పెట్టుకోను.

ఆ సోమవారం ఆఫీసుకి వెళ్ళాను గానీ రాజీనామా రాయలేదు, సెలవడిగాను, ఇంకా ఇవ్వలేదు. మీరు పడుకోండి. దయచేసి మధ్యాహ్నాలు పడుకోండి.

మీ కోడలు


ఇంటి నుంచి
అక్టోబరు 13

అమ్మాయీ,

ఉత్తరం అందింది. పాప బాగుంది. మెస్సు అన్నమే తింటున్నాం. ఇప్పుడు ఏమీ రాయలేను. కొంచెం టైము ఇవ్వు.

మామయ్య


ఇంటి నుంచి
అక్టోబరు 24

అమ్మాయీ,

నువ్వు అడిగినదానికి పదకొండు రోజులు ఆలోచించాను. మొదటి వారమంతా కోపంతోనే గడిచింది. ఎవరి మీదో తెలియదు. మా వాడి మీదే అనుకుంటాను. వాడు ఉండుంటే ఇదంతా ఎందుకు?

నువ్వు కోడలివి అయింది వాడి వల్ల, ఒప్పుకుంటాను. కానీ ఐదేళ్ళుగా వాడు లేడు, నువ్వు ఉన్నావు. నా ఒంట్లో బాగాలేకపోతే ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నావు. మీ అత్తయ్య తద్దినాలు గుర్తుపెట్టుకుని నాకు చెప్పావు. అదంతా వాడి వల్ల కాదు కదా. వాడు లేకపోయినా నిలిచిన చుట్టరికం, ఇంకొకడు వస్తే ఎందుకు పోతుంది? నువ్వు నాకు ఏమవుతావని అడగడానికి నీకు నోరెలా వచ్చిందే?

ఫ్యాక్టరీవాళ్ళకి ఉంటానని రాసివ్వు. అతనికి కూడా జవాబు చెప్పు. జూలైనుంచి నోరు మూసుకుని కంచం పెడుతున్నాడంటే మంచివాడే అయ్యుండాలి, లేదా మొండివాడు. రెండూ పనికొస్తాయి.

పరీక్షలు అయ్యాక పాపని తీసుకెళ్ళండి. నన్ను కూడా రమ్మంటావని తెలుసు. వస్తాను గానీ వెంటనే రాను. ముందు కన్ను ఆపరేషన్ చేయించుకుని, పది రోజులు నిద్రపోవాలి. తర్వాత చూద్దాం.

ఇందులో ఇంకో కాగితం ఉంది. అది అతనికి. చదవకుండా ఇవ్వు. చదువుతావని తెలుసు, అయినా చెప్పడం నా ధర్మం.

మామయ్య


ఇంటి నుంచి
అక్టోబరు 24

బాబూ,

నీకు ఏమని రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను. వయసులో పెద్దవాణ్ణి కాబట్టి నువ్వు అంటున్నాను. తప్పు పట్టుకోకు.

నీ వంటకం బాగుంది. నిజం చెప్పాలంటే, బాగుండకపోతే బాగుండునని వండిన రోజులున్నాయి. కోడలి ఉత్తరం వచ్చాక పది రోజులు దాని జోలికి పోలేదు. మొన్న పిల్ల "తాతా, ఆ అన్నం ఎప్పుడు?" అని అడిగింది. ఈసారి నిలబడే వండాను, కుర్చీ జోలికి పోలేదు. రెండుసార్లు పెట్టించుకుని తింది. ఇంక నేను నీ మీద ఎంతకాలం కోపం పట్టుకు కూర్చుంటాను?

జీలకర్ర పిల్లకి సగం చాలు. మిగతా కొలత నువ్వు చెప్పిందే సరి. అయితే శనగల పొట్టు తియ్యాలి. ఆవిడ వాటాకి నలభై, నలభై అయిదు పడతాయి. ఒక్కొక్కటీ రెండువేళ్ళ మధ్య నొక్కితే జారి వస్తుంది. విసుగేస్తుంది. నాకూ వేసింది. రెండుసార్లు కసిరాను. మూడోసారి ఆవిడే పక్కన కూర్చుని, తీసినవాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అప్పటినుంచి విసుగు తగ్గింది. బాగాలేదంటే వాదించకు. మర్నాడు మళ్ళీ పెట్టు. గోడకి కాళ్ళు ఆనించి పడుకుంటుంది, సర్దకు, లేస్తుంది. అబద్ధమాడితే కుడిచెవి పట్టుకుంటుంది. వాళ్ళమ్మకి ఈ సంగతి ఇంతవరకూ తెలియదు, చెప్పకు.

నేను అలిసిపోయాను బాబూ. ఈ మాట కోడలికి ఇంత సూటిగా రాయలేకపోయాను. ఉద్యోగం వదిలేసి వచ్చేస్తుంది. మోకాళ్ళు బాగున్నాయన్నాను, బద్ధకమన్నాను, ఎవరో తలుపు కొట్టారన్నాను. నీతో అయితే చెప్పొచ్చు అనిపించింది, ఎందుకో నాకూ తెలియదు. పిల్ల బరువై కాదు. ఆ పిల్ల లేకపోతే ఈ ఐదేళ్ళూ నేను పొద్దున లేచేవాణ్ణే కాదు. కానీ స్టోరులో ఒకరోజు వస్తుంది, డబ్బా వొంచి తట్టినా ఏమీ రాలదు. ఇప్పుడు నా సంగతి అదే. పిల్లని నీకు ఇష్టంగానే ఇస్తున్నాను, ఏడుస్తూ ఇస్తున్నాను. రెండూ నిజమే.

ఒక్కటి చెప్పి ముగిస్తాను. మా అబ్బాయి పోయేనాటికి పాపకి పది నెలలు. ఇంకా మాటలు రాలేదు. గోడ మీద ఫోటో చూపించి "మా నాన్న" అని వచ్చినవాళ్ళకి చెబుతుంది గానీ, ఫోటోని ఎవరూ పిలవరు కదా. నాన్నా అని ఆ పిల్ల ఇంతవరకూ ఎవరినీ పిలవలేదు. ఆ పిలుపు వాడికి అందలేదు, నేను తీసుకోలేదు, అలాగే ఉండిపోయింది. ఏదో ఒకరోజు, వంటింట్లోంచో, మెట్ల మీంచో, నిన్ను పిలుస్తుంది. తొందరపెట్టకు. పిలిచినప్పుడు నేను ఆ గదిలోనే ఉండొచ్చు. నువ్వు మంచివాడివైతే నా మొహం వంక చూసి తటపటాయిస్తావు. వద్దు. నా వంక చూడకు. వెంటనే పలుకు.

జడ్జిగారి తాత